పాటలు లేని వైస్ సిటీ

నేను మొదటిసారి 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో: వైస్ సిటీ' ఆడినప్పుడు అందులో పాటలు లేవు. కారెక్కితే ఇంజన్ మోత, హారన్, వాన పడితే వాన చప్పుడు. అంతే. కారెక్కగానే రేడియో మోగుతుందనీ, 1986లో జరిగే ఆ కథకి ఆ కాలపు పాటలే సగం ప్రాణమనీ నాకు ఇంజనీరింగ్‌లో చేరేదాకా తెలీదు.

మాది చర్లపల్లి. బడి అయిపోయాక ఈసీఐఎల్ చౌరస్తా దాకా సైకిళ్ళ మీద పోయి, ఒక మెడికల్ షాపు పైనున్న నెట్ సెంటర్లో కూచునేవాళ్ళం. గంటకి పదిహేను రూపాయలు. ఎనిమిది కంప్యూటర్లు, ఎనిమిదింట్లోనూ ఒకే సీడీ నుంచి ఎక్కించిన వైస్ సిటీ. 2003 మేలో పీసీకి వచ్చిన అసలు ఆట రెండు సీడీలు. ఫుట్‌పాత్ మీద దొరికేది ఒక్కటే. రెండింటిని ఒకదాంట్లో ఇరికించడానికి ఎవరో, ఏ దేశంలోనో కూచుని పాటలు తీసేశారు. ఇలా కోసి కుదించిన కాపీని 'రిప్' అనేవాళ్ళు. మాకా మాట కూడా తెలీదు. మాకు తెలిసిన వైస్ సిటీ అదే.

2016లో స్టీమ్‌లో అదే ఆట కొన్నాను. స్టీమ్ రూపాయల్లో ధరలు పెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పాత బాకీ తీర్చుకుంటున్నట్టు, కొంచెం గర్వంగా కూడా అనిపించింది. మొదటి కారెక్కాను. రేడియో మోగింది గానీ, ఆ సన్నివేశంలో వస్తుందని అందరూ చెప్పే మైకెల్ జాక్సన్ 'బిల్లీ జీన్' రాలేదు. వెతికితే సంగతి తెలిసింది. పాటల హక్కుల గొడవ వల్ల 2012 చివర్లో ఆ ఆటని కొంతకాలం స్టీమ్ నుంచి తీసేశారు. మళ్ళీ పెట్టినప్పుడు అందులో కొన్ని పాటలు లేవు.

అంటే దొంగ కాపీలో పాటలు దొంగ తీశాడు, కొన్న కాపీలో పాటలు అమ్మినవాడే తీశాడు. ఈ రెంటి మధ్య జరిగిన కథ చెప్పడానికే ఈ వ్యాసం.

*

పాటలు లేకపోతే ఏం, మనమే పెట్టుకుందాం అని మాలో ఎవడికో తోచింది. ఆట ఫోల్డర్లో 'ఎంపీ3' అని ఒక ఖాళీ ఫోల్డర్ ఉండేది. అందులో మన పాటలు వేస్తే ఆటలో ఒక రేడియో స్టేషన్‌లా మోగుతాయి. మయామీని పోలిన సముద్రపు ఒడ్డున చిరంజీవి పాటలు పెట్టుకుని తిరిగాం. పక్కనే 'స్కిన్స్' అని ఇంకో ఫోల్డర్. హీరో ఒంటిమీది బట్టలన్నీ ఒక మామూలు బొమ్మ ఫైలు. దాన్ని పెయింట్‌లో తెరిచి రంగులు మార్చొచ్చు. మా వాడొకడు టామీ వెర్సెటీకి మా స్కూలు యూనిఫాం వేశాడు.

నన్ను పట్టేసింది మాత్రం మూడోది. 'డేటా' ఫోల్డర్లో 'హ్యాండ్లింగ్ డాట్ సీఎఫ్‌జీ' అనే ఫైలుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే వరసగా బండ్ల పేర్లు, ఒక్కోదాని పక్కన బారెడు అంకెలు. పైన ఏ నిలువు వరస ఏమిటో వివరంగా రాసిపెట్టి ఉంది: ఇది బరువు, ఇంత నుంచి ఇంత దాకా పెట్టొచ్చు, ఇది బ్రేకు, ఇది సస్పెన్షన్. ఒక అంకె మార్చి, సేవ్ చేసి, ఆట మళ్ళీ తెరిస్తే నిన్నటిదాకా బోల్తాపడే వ్యాను గోడల్ని గుద్దుకుంటూ పోయింది. ఒక అక్షరం మారిస్తే లోకం మారుతుందని నాకు మొట్టమొదట అర్థమైంది అప్పుడే. తర్వాత నాలుగేళ్ళు కాలేజీలో చెప్పిన సీ లాంగ్వేజీ దాని ముందు చప్పగానే ఉండింది.

ఈ తలుపులు పొరపాటున తెరిచి ఉంచినవి కావు. 1993లో 'డూమ్' తయారుచేసినప్పుడు జాన్ కార్మాక్ ఆటని నడిపే ఇంజన్‌ని ఒకవైపు, బొమ్మలూ గోడలూ శబ్దాలూ ఉండే సరుకుని 'వాడ్' అనే ఫైళ్ళలో ఇంకోవైపు ఉంచాడు. ఆడేవాళ్ళు తమ సొంత వాడ్‌లు చేసుకోవచ్చు. అయితే ఒక మెలిక. మొదటి భాగం ఊరికే పంచిపెట్టే షేర్‌వేర్. ఆ ఉచితం కాపీలో బయటి వాడ్ వెయ్యబోతే ఆట ఒప్పుకోదు, ముందు కొనుక్కో అంటుంది. నాకు తెలిసిన తాళాల్లో బాగా ఆలోచించి వేసిన తాళం ఇదే. కొన్నవాడికి ఇంకో గది తెరుస్తుంది తప్ప ఉన్న గది మూయదు.

ఆ పద్ధతి ఎంత దూరం పోయిందో మా నెట్ సెంటర్లోనే కనపడేది. వైస్ సిటీ కాకపోతే అందరూ ఆడేది 'కౌంటర్ స్ట్రైక్'. అది మొదట ఆట కాదు, మాడ్. 1999లో మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు వాల్వ్ కంపెనీవాళ్ళ 'హాఫ్ లైఫ్' మీద కట్టింది. మరుసటి ఏడే వాల్వ్ దాన్ని తీసుకుని డబ్బాలో పెట్టి అమ్మింది. ఇలా మాడ్‌ని కలుపుకుపోయిన అదే వాల్వ్ 2003లో స్టీమ్ తెచ్చింది. 2004లో 'హాఫ్ లైఫ్ 2' డబ్బా కొన్నవాడు కూడా ఇంటర్నెట్‌లో తన కాపీని నమోదు చేయించుకోవాల్సిందే అంది. తలుపూ తాళమూ ఒకే చేత్తో చేసిన కంపెనీ అది.

*

మాడ్‌కీ పైరసీకీ చుట్టరికం కలిసింది ఈ తాళం దగ్గరే.

సీడీల కాలంలో తాళమంటే 'సేఫ్‌డిస్క్' లాంటివి. డ్రైవులో అసలు సీడీ ఉందో లేదో చూసి, ఉంటేనే ఆట తెరుస్తాయి. దీన్ని దాటించే చిన్న ఫైలే 'క్రాక్', లేదా 'నో సీడీ'. ఆటని మార్చాలంటే ఆట లోపలికి వెళ్ళాలి. తాళం ఉండేదీ ఆ లోపలే. అందుకే పెద్ద మాడ్‌లు చాలావాటికి క్రాక్ చేసిన ఫైలే కావాల్సి వచ్చేది, డబ్బు కట్టి కొన్నవాడికైనా సరే. వాడు మాడ్ కోసం తాళం తీస్తాడు, ఇంకొకడు డబ్బు ఎగ్గొట్టడానికి తీస్తాడు. తీసేది ఒకటే తాళం కాబట్టి కంపెనీకి ఇద్దరూ ఒకటే. మాకూ ఆ తేడా ఎవరూ చెప్పలేదు.

2008 సెప్టెంబర్లో వచ్చిన 'స్పోర్' ఈ గొడవకి ముదురు రూపం. సెక్యూరామ్ తాళంతో వచ్చిన ఆ ఆటని మూడుసార్లకి మించి ఇన్‌స్టాల్ చెయ్యనిచ్చేది కాదు. కొన్నవాళ్ళు తిట్టిపోశారు, కంపెనీ మూడుని ఐదు చేసింది. ఇంతాచేసి ఆ ఏడు అన్నిటికన్నా ఎక్కువగా దొంగ కాపీలు తిరిగిన ఆటల్లో అదీ ఒకటి. తాళం ఆపాల్సినవాణ్ణి ఆపలేదు. ఆగినవాడు డబ్బులిచ్చినవాడు.

అదే ఏడు ఇంకా తమాషా అయిన సంగతి జరిగింది. యూబీసాఫ్ట్ తన 'రెయిన్‌బో సిక్స్ వేగాస్ 2' డౌన్‌లోడ్ కాపీ కొన్నవాళ్ళు సీడీ అడుగుతోందని ఫిర్యాదు చేస్తే, సరిచేస్తూ ఒక ఫైలిచ్చింది. ఆ ఫైలుని తెరిచి చూసినవాళ్ళకి లోపల 'రీలోడెడ్' అనే క్రాకర్ల గుంపు సంతకం కనిపించింది. 2010లో స్టీమ్‌లో అమ్ముతున్న 'మాక్స్ పేన్ 2'లో 'మిత్' అనే గుంపు సంతకం దొరికింది. తమ తాళం తెరవడానికి కంపెనీలే దొంగ తాళంచెవి వాడుకున్నాయన్నమాట.

సేఫ్‌డిస్క్ కథ 2015లో ముగిసింది. భద్రత బాగోలేదని మైక్రోసాఫ్ట్ విండోస్ 10లో దాన్ని నడవనివ్వలేదు. ఆ తాళంతో వచ్చిన అసలు సీడీలు, అప్పట్లో వెయ్యి రూపాయలు పోసి కొన్నవి, ఒక్కరోజులో పళ్ళెం బిళ్ళలయ్యాయి. క్రాక్ చేసిన కాపీలు మాత్రం ఇవాళ్టికీ ఆడుతున్నాయి.

*

ఇదంతా ఎక్కడో ఆటల లోకంలో జరిగిన కథ అనుకుంటే పొరపాటు. మన తెలుగు అక్షరాలకి కూడా ఇదే జరిగింది. అది నేను మా బాబాయి దుకాణంలో చూశాను.

కుషాయిగూడలో ఆయనకో డీటీపీ షాపు. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, ఇండస్ట్రియల్ ఏరియా యూనియన్ల నోటీసులు, అప్పుడప్పుడూ స్థానిక కవుల పుస్తకాలు. తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్ డబ్బు కట్టే కొన్నాడు. షాపు అద్దె మూడు నెలలది దానికే పోయింది. దాంతోపాటు ఒక చిన్న డబ్బా ఇచ్చారు. కంప్యూటర్ వెనక ప్రింటర్ వైరు గుచ్చే చోట దాన్ని గుచ్చాలి. అది ఉంటేనే తెలుగు వస్తుంది. డాంగిల్ అంటారు, బాబాయి మాత్రం 'తాళం' అనేవాడు. రాత్రి షాపు మూసేటప్పుడు ఊడదీసి చొక్కా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు.

ఒక శ్రావణమాసంలో ఆ తాళం చచ్చిపోయింది. ముహూర్తాల సీజన్. అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే కొత్తది కొనుక్కోమన్నారు. పాత డబ్బులు లెక్కలోకి రావన్నారు. రెండు రోజులు ఆగి, మూడో రోజు ఎవరి దగ్గరో సీడీ తెచ్చుకున్నాడు. అది ఏ తాళమూ అడగలేదు. అప్పటికి వందల వైస్ సిటీలు ఆడేసిన నేను, 'ఇది ముందే తెచ్చుకోవాల్సింది కదా బాబాయ్' అన్నాను. ఆయన నవ్వలేదు. "అచ్చరాలు గీసినోడు గూడ తినాలె గదరా" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఎందుకంటే అది నిజం. తెలుగులో ఒక ఫాంట్ గీయాలంటే గుణింతాలూ ఒత్తులూ కలిపి వందల ఆకారాలు. నెలల పని. అది గీసినవాళ్ళ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? సందుకో షాపులో దొంగ కాపీ ఉన్న చోట అక్షరం గీయడం ఒక వృత్తిగా ఎట్లా బతుకుతుంది? ఆటలో నేను ఎగ్గొట్టిన డబ్బు ఎక్కడో న్యూయార్క్ కంపెనీకి రావాల్సింది, దాని లెక్కలో అది దుమ్ము. ఇది అట్లా కాదు.

కానీ ఆ తాళానికి ఇంకో ఖర్చుంది. అది చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటి ఫాంట్లలో ఏ అంకెకి ఏ అక్షరం అన్నది ఎవరి లెక్క వాళ్ళది. ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్లో కొట్టిన తెలుగు ఇంకోదాంట్లో తెరిస్తే పిచ్చిగీతలు. పత్రికల వెబ్‌సైట్లూ అంతే, ఒక్కోదానికి ఒక్కో ఫాంటు. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకి చోటు దొరికినా, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినా, మన ముద్రణాలోకం ఆ పాత లెక్కల్లోనే ఉండిపోయింది. రెండు దశాబ్దాల పుస్తకాలు, పత్రికలు, ఫైళ్ళు వెతకడానికి వీల్లేని భాషలో ఉండిపోయాయి.

వాటిని బయటికి తెచ్చింది కంపెనీలు కాదు. వెన్న నాగార్జున 'పద్మ' అనే చిన్న పొడిగింపు రాశాడు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లో వేసుకుంటే పత్రికల సొంత ఫాంట్లలో ఉన్న తెలుగుని యూనికోడ్‌కి మార్చి చూపించేది. దాని లోపల ఏముంటుందో ఆలోచించండి. ఒక్కో ఫాంటుని విప్పి, ఏ గీత ఏ అంకె దగ్గర దాచారో ఒక్కొక్కటీ చూసి రాసుకున్న పట్టికలు. నేను హ్యాండ్లింగ్ ఫైలుతో చేసిన పనే, నాకన్నా వెయ్యి రెట్లు ఓపికతో. దాన్ని ఎవరూ మాడింగ్ అనలేదు గానీ, నా దృష్టిలో తెలుగులో జరిగిన గొప్ప మాడింగ్ అదే. అంతకుముందు రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ చేసిన ఆర్‌టీఎస్, తర్వాత 2006లో వీవెన్ చేసిన లేఖిని, ఓపెన్ లైసెన్సుతో వచ్చిన రామభద్ర, మల్లన్న, గిడుగు లాంటి ఫాంట్లు, ఇవన్నీ ఆ దారిలోవే. తాళం పగలగొట్టడం వేరు, తాళం అక్కర్లేని ఇల్లు కట్టడం వేరు. రెండోది కష్టం, కానీ నిలబడింది అదే.

*

ఆటల్లోనూ అలాంటి ఇల్లు కట్టబోయారు. కొందరు స్వచ్ఛందంగా 'జీటీఏ 3', వైస్ సిటీల ప్రోగ్రాముని విప్పి, అదెలా పనిచేస్తుందో చదువుకుని, మొత్తం మళ్ళీ రాశారు. పేరు 'ఆర్ఈ3', వైస్ సిటీది 'ఆర్ఈవీసీ'. బొమ్మలూ శబ్దాలూ అందులో ఉండవు, ఆడాలంటే అసలు ఆట మన దగ్గర ఉండాల్సిందే. పాత లోపాలు సరిచేశారు, కొత్త తెరలకి సరిపోయేలా చేశారు. 2021 ఫిబ్రవరిలో హక్కుదారైన టేక్-టూ దాన్ని గిట్‌హబ్ నుంచి తీయించింది. సెప్టెంబర్లో ఆ రాసినవాళ్ళ మీద కాలిఫోర్నియాలో కేసు వేసింది.

కంపెనీ వాదనని కొట్టిపారేయడానికి లేదు. ప్రోగ్రాముని విప్పి తిరగరాసినా అది వాళ్ళ ప్రోగ్రాము నుంచి పుట్టిందే. కానీ అదే నవంబర్లో కంపెనీ ఏం చేసిందో చూడండి. మూడు పాత ఆటల్ని కలిపి 'డెఫినిటివ్ ఎడిషన్' అని కొత్త డబ్బా తెచ్చింది. దానికి ముందే పాత కాపీల అమ్మకం ఆపేసింది. కొత్తది తప్పులతడకగా వచ్చింది, కంపెనీ క్షమాపణ చెప్పి పాతవాటిని మళ్ళీ అమ్మకానికి పెడతానంది. ఉచితంగా బాగుచేసినవాళ్ళు కోర్టులో, డబ్బు తీసుకుని పాడుచేసినవాళ్ళు దుకాణంలో.

అలాగని మాడర్లందరూ మహానుభావులని నేననను. 2015 ఏప్రిల్లో స్టీమ్ 'స్కైరిమ్' మాడ్‌లని డబ్బుకి అమ్ముకోనిచ్చింది. వెంటనే నా మాడ్ దొంగిలించాడంటే నా మాడ్ దొంగిలించాడని గోల. నా అనుమతి లేకుండా నా కత్తి బొమ్మ వాడాడు, నా కోడ్ వాడాడు... వారం తిరక్కుండానే పథకం ఎత్తేశారు. క్రాక్ చేసిన ఆట మీద పని నేర్చుకున్న నాలాంటివాళ్ళు చాలామందే అందులో ఉండి ఉంటారు. మన చెమట మన్ను మీద పడేదాకా హక్కు అనే మాట బరువు తెలియదు. బాబాయి ఆ మాట నాతో అన్నది ఎన్నో ఏళ్ళ ముందే.

*

మరి మన చట్టం ఏమంటుంది? ఈ వ్యాసం కోసం 1957 కాపీరైట్ చట్టాన్ని కూచుని చదివితే ఒక ఆశ్చర్యం, ఒక భయం రెండూ కలిగాయి.

భయం ముందు. సెక్షన్ 63బి ప్రకారం, దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్లో ఒక ప్రోగ్రాముని వాడితే కనీసం 7 రోజులు, గరిష్ఠంగా 3 ఏళ్ళు జైలు. వ్యాపారానికి కాకపోతే జైలు లేకుండా జరిమానాతో వదిలే వెసులుబాటు కోర్టుకి ఉంది. మేము చర్లపల్లి జైలు పక్కనే సైకిళ్ళు తొక్కుకుంటూ ఆ నేరం చెయ్యడానికి పోయేవాళ్ళమన్నమాట.

ఆశ్చర్యం సెక్షన్ 65ఎ. 2012 సవరణలో వచ్చింది. డిజిటల్ తాళం పగలగొట్టడం గురించినది. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ చట్టం కింద లోపలికి పోనివ్వని తాళాన్ని దాటడమే తప్పు. ఎందుకు దాటావన్నది తర్వాతి మాట. మూడేళ్ళకోసారి కొన్ని మినహాయింపులిస్తారు. మన చట్టం అలా రాయలేదు. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తేనే నేరం అంది. పైగా చట్టం నిషేధించని పని కోసమైతే ఈ సెక్షన్ అడ్డురాదని కూడా చెప్పింది. సెక్షన్ 52 చూస్తే, సక్రమంగా సంపాదించిన ప్రోగ్రామునించి వ్యాపారం కోసం కాక సొంత వాడకానికి కాపీగానీ మార్పుగానీ చేసుకోవడం ఉల్లంఘన కాదని ఉంది.

నెట్ సెంటర్లో మాకెవరూ చెప్పని ఆ తేడా ఇక్కడ చట్టంలోనే రాసి ఉంది. చేతిలో ఉన్న పనిముట్టు కాదు, మనసులో ఉన్న ఉద్దేశం చూడమంటోంది. కొన్నవాడు తన వస్తువుని విప్పడం ఒకటి, కొననివాడు ఎత్తుకుపోవడం ఒకటి. బాబాయి కొన్న తాళం చచ్చిపోయాక తెచ్చుకున్న సీడీ ఈ రెంటి మధ్యలో ఎక్కడో పడుతుంది. నా వైస్ సిటీ మాత్రం ఎటూ పడదు, అది దొంగతనమే.

*

ఇప్పుడు నేను తాళాలు చేసే వైపు ఉన్నాను. రెండేళ్ళ కింద మా టీమ్‌లో లైసెన్స్ చెక్ రాసింది నేనే. గడువు దాటితే తెర మూసేయాలి, నాలుగు వరసల కోడ్. ఒక ఆదివారం పొద్దున జిల్లాలో ఉండే ఒక చిన్న ల్యాబ్ నుంచి ఫోన్. డబ్బు కట్టేశారు, మా సర్వరే దాన్ని ఎక్కించుకోలేదు. తెర మూతపడింది, బయట రక్తపరీక్షలకి పరగడుపున వచ్చినవాళ్ళు కూచుని ఉన్నారు. ఫోన్లో ఆయన కేకలు వెయ్యలేదు. "మేము కట్టినం కదా సార్" అని మాత్రం మూడుసార్లు అన్నాడు. మర్నాడు పదిహేను రోజుల గడువు కలిపి, గడువులో ఉన్నంతకాలం ఏదీ మూయకుండా హెచ్చరిక మాత్రమే చూపేట్టు మార్చాను. దీనివల్ల ఎగ్గొట్టేవాళ్ళు పెరుగుతారని మీటింగులో అన్నారు. పెరగొచ్చు. కట్టినవాణ్ణి వాకిట్లో నిలబెట్టడం కన్నా నయం అన్నాను.

నా వైస్ సిటీలో ఇప్పుడు పాటలన్నీ ఉన్నాయి. డబ్బు కట్టిన కాపీ మీద, మాడర్లు చేసిన ఒక సర్దుబాటు వేసి తెచ్చుకున్నాను. అది మన సెక్షన్ 52లోకి వస్తుందో రాదో పాటల హక్కుదారులు వేరే రకంగా చెప్పొచ్చు.

పోయిన సంక్రాంతికి ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన బాబాయి దగ్గరికి వచ్చాడు. చాలా ఏళ్ళ కింద ఇక్కడే అచ్చువేసిన తన కవితల పుస్తకం మళ్ళీ వేయించుకోవాలట. ఆయన దగ్గరున్న చివరి కాపీ చెదలు తినేసింది. ఫైలు దొరికింది, తెరిస్తే పిచ్చిగీతలు. రెండు రాత్రులు కూచుని పట్టికతో మార్చాను. ఒత్తులు చాలాచోట్ల తారుమారయ్యాయి. మేము ముగ్గురం పక్కపక్కన కూచుని, ఆయన గుర్తున్నంతవరకు చెబుతుంటే, ఒక్కో పద్యం సరిచేసుకుంటూ పోయాం.

పని అయ్యాక పేపర్లు సర్దుతుంటే సొరుగులో ఆ డాంగిల్ కనిపించింది. ఇంకా ఎందుకు బాబాయ్ ఇది, పారెయ్ అన్నాను. చేతిలోకి తీసుకుని దుమ్ము తుడిచాడు.

"పైసల్ బెట్టి కొన్నది గదరా" అని మళ్ళీ సొరుగులోనే పెట్టాడు.